బేస్ కొని బయట వేయించుకోవాలా, లోన్ పెంచి టాప్ తీసుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏ కారు అన్నది తేలిపోయింది, వేరియంటే తేలలేదు, అంటే అదే కారులో తక్కువ సామానుతో వచ్చే బేసా, మధ్యదా (మిడ్), అన్నీ ఉండే టాపా అన్నది. బేస్ అయితే చేతిలో ఉన్న డబ్బుతో వచ్చేస్తుంది. మధ్యదానికి కాస్త లోన్ కావాలి, టాప్‌కి బాగానే కావాలి. మీ నాన్నగారు "బేస్ తీసుకో, మిగతావన్నీ బయట సగం ఖర్చుతో వేయించుకోవచ్చు" అంటున్నారు. మీ ఆవిడకీ పిల్లలకీ సన్‌రూఫ్ మీద మనసు. సేల్స్‌మన్ ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకొంచెం పెడితే టాపే వచ్చేస్తుంది సార్" అంటున్నాడు. కారు కనీసం ఎనిమిదేళ్లు ఉంచుకుంటారు. ఇద్దరు చిన్నపిల్లలు. వారానికి ఒకసారైనా హైవే మీద రాత్రి ప్రయాణం.

నేను పద్దెనిమిదేళ్లు సర్వీస్ వర్క్‌షాప్‌లో పనిచేశాను, అందులో ఎక్కువ భాగం ఎలక్ట్రికల్ పనే. ఇప్పుడు పాత కార్లు కొనేవాళ్ల తరఫున వెళ్లి బండి చూసి చెప్తుంటాను. షోరూమ్ లైట్ల కింద మెరిసే కారు నేను చూసింది తక్కువ. ఆరేడేళ్లు తిరిగాక అందులో ఏది పనిచేస్తోంది, ఏది పాడైంది, ఏది అసలెవరూ ముట్టుకోలేదు అన్నది చూసినవాణ్ని. నా సమాధానం ఆ వైపు నుంచే.

మీ అవసరాలకి మధ్యదే సరిపోతుందని నా అంచనా. అయితే "మధ్యది ఎప్పుడూ మంచిది" అన్న లెక్కన చెప్పడం లేదు. కొన్ని కంపెనీల మిడ్ వేరియంట్‌లో పెద్ద స్క్రీన్ ఉంటుంది కానీ పక్క ఎయిర్‌బ్యాగులు ఉండవు. అలాంటిదాన్ని మిడ్ అన్నా ఒకటే, అలంకరించిన బేస్ అన్నా ఒకటే. అందుకని పేర్లు పక్కన పెట్టి బ్రోచర్ చివరి పేజీ తీయండి. టిక్కులూ గీతలూ ఉండే పట్టిక ఉంటుంది కదా, అది. సేల్స్‌మన్ సాధారణంగా ఆ పేజీ దాకా రానివ్వడు. బేస్‌లో గీత, పైదాంట్లో టిక్కు ఉన్న ప్రతి వరుస దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది తర్వాత బిగించడం కుదురుతుందా? కుదరదంటే ఎర్ర పెన్నుతో చుక్క పెట్టండి. ముందు ఎర్ర చుక్కల సంగతే చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ రేపైనా చూసుకోవచ్చు.

మొదటి చుక్క పక్క ఎయిర్‌బ్యాగులకీ కర్టెన్ ఎయిర్‌బ్యాగులకీ. కారు పక్క నుంచి దెబ్బ తగిలితే తలకీ తలుపు అద్దానికీ మధ్య ఉండే దూరం జానెడు. ముందు నుంచి గుద్దుకుంటే బానెట్, ఇంజిన్ భాగం నలిగి కొంత దెబ్బని మింగుతాయి. పక్కన అలా మింగడానికి ఏమీ లేదు, ఒక రేకు తలుపు తప్ప. ఈ బ్యాగులు సీటు లోపలా, పైకప్పు అంచులోనూ ఉంటాయి. వాటికి సెన్సర్లు, కంట్రోల్ యూనిట్, ఏ దెబ్బకి ఎన్ని మిల్లీసెకన్లలో తెరుచుకోవాలన్న లెక్క, అన్నీ ఆ బాడీకి పరీక్షించి పెట్టినవి. బయట ఎవరైనా వేస్తామంటే నమ్మకండి.

రెండోది ఈఎస్‌సీ, అంటే బండి జారిపోతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలోకి లాగే ఏర్పాటు. కంపెనీని బట్టి ఈఎస్‌పీ అని, ఇంకేదో అని కూడా రాస్తారు. ఇది మొదట 1995లో మెర్సిడెస్ ఖరీదైన కార్లలోనే వచ్చింది. రెండేళ్లకే కథ మారింది. 1997లో అదే కంపెనీ ఏ-క్లాస్ అనే చిన్న కారు వదిలింది. స్వీడన్‌లో ఒక మోటారు పత్రికవాళ్లు, అడవి జంతువు హఠాత్తుగా అడ్డొస్తే తప్పించుకునే పరీక్ష చేస్తే అది బోల్తా కొట్టింది. పెద్ద గొడవైంది. కంపెనీ అప్పటికే అమ్మిన బండ్లని వెనక్కి పిలిచి, సస్పెన్షన్ సరిచేసి, తన చిన్న కారు మొత్తానికి ఈఎస్‌పీని తప్పనిసరి సామానుగా పెట్టింది. ఆ తర్వాత 2012 మోడల్ నుంచి అమెరికాలో, 2014 నవంబరు నుంచి యూరప్‌లో కొత్త కార్లన్నింటికీ అది చట్టమైంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒకప్పుడు "టాప్ వాళ్లకే" అన్నది ప్రాణానికి సంబంధించినదైతే ఎప్పటికో ఒకప్పటికి బేస్‌కి దిగుతుంది. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ది కూడా అదే దారి. 1978లో మెర్సిడెస్ పెద్ద కారు ఎస్-క్లాస్‌కి అదనంగా డబ్బు కట్టి వేయించుకునేవాళ్లు, ఇప్పుడు దాన్ని ఫీచర్ అని చెప్పుకోవడానికి సేల్స్‌మనే సిగ్గుపడతాడు. మీరు చూసే బేస్‌లో ఈఎస్‌సీ ఉంటే సంతోషం. లేకపోతే ఆ ఒక్క కారణంతో బేస్‌ని పక్కన పెట్టేయమంటాను. హైవే ప్రయాణం, పిల్లలు అన్నారు కాబట్టి ఇందులో రెండో మాట లేదు.

మూడో చుక్క వెనక సీటుకి. మధ్యలో కూర్చునేవాళ్లకి భుజం మీదుగా వచ్చే మూడు కొసల బెల్టు ఉందా, నడుముకి కట్టే పట్టీ మాత్రమే ఉందా చూడండి. మూడు కొసల బెల్టు కొత్తదేమీ కాదు. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు, మిగతా కంపెనీలు కూడా వాడుకోవడానికి వోల్వో ఒప్పుకుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా బేస్‌లో వెనక మధ్య సీటుకి దాన్ని వేయకుండా డబ్బు మిగుల్చుకునే కంపెనీలు ఉన్నాయి. అలాగే వెనక తల ఆనుకునే దిండ్లు పైకి లేస్తాయా, సీటులో కలిసిపోయి ఉన్నాయా? పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయా, సీటు వీపు వెనక పైపట్టీ తగిలించే కొక్కెం ఉందా? బ్రోచర్‌లో టిక్కు ఉన్నా, సీటు సందులో వేలు పెట్టి ఇనుప కడ్డీ తగులుతుందో లేదో చూడండి. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలంటే వెనక రెండు కిటికీ సీట్లకీ కావాలి, ఒకదానికే ఉంటే చాలదు.

క్రాష్ టెస్ట్, అంటే కారుని గుద్దించి చూసే పరీక్ష, అందులో ఇచ్చే నక్షత్రాల గురించి ఒక మాట. ప్రకటనలో "అయిదు నక్షత్రాలు" అని ఉంటుంది, ఏ వేరియంట్‌కి అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. పరీక్ష చేసిన సంస్థ రిపోర్టులో అది స్పష్టంగా రాసి ఉంటుంది. 2016 నుంచి యూరప్‌లో ఈ పరీక్షలు చేసే యూరో ఎన్‌క్యాప్ అనే సంస్థ కొన్ని కార్లకి రెండు రేటింగులు ఇస్తోంది, మామూలు సామానుతో ఒకటి, సేఫ్టీ ప్యాక్ అదనంగా కొంటే వచ్చేది ఇంకొకటి. ఒకే కారు, ఒకే పేరు, నక్షత్రాలు మాత్రం వేరు. మీ కారుకి రిపోర్టు ఉంటే పది నిమిషాలు కూర్చుని చదవండి.

ఇక డ్రైవర్ సీటు. సేఫ్టీ తర్వాత నేను ఎక్కువ పట్టించుకునేది దీన్నే, జనం తక్కువ పట్టించుకునేదీ దీన్నే. చాలా బేస్‌లలో సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, వీపు వాలుతుంది, అంతే. ఎత్తు మారదు. స్టీరింగ్ పైకి కిందకి కదలకపోవచ్చు, దగ్గరికి దూరానికి అసలే కదలకపోవచ్చు. పొట్టిగా ఉన్నవాళ్లు బానెట్ కనపడక మెడ సాచి నడుపుతారు, లేదా దిండు వేసుకుంటారు. దిండు వేసుకుంటే బెల్టు ఉండాల్సిన చోట ఉండదు. ఇంట్లో ఇద్దరు నడిపేవాళ్లుంటే, ఇద్దరి ఎత్తులో తేడా ఉంటే, ఎత్తు మారే సీటుకి విలువ కట్టలేం. ఇది కూడా ఎర్ర చుక్కే. సీటు పట్టాలు, మోటార్లు బయట మార్చే పని కాదు.

వెనక వైపర్, వెనక అద్దం మీద పట్టే ఆవిరిని పోగొట్టే డీఫాగర్. డిక్కీ పొడుచుకుని ఉండే సెడాన్ అయితే వైపర్ లేకపోయినా నెట్టుకురావచ్చు. వెనక నిటారుగా తెగినట్టుండే హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీ అయితే గాలి సుళ్లు తిరిగి చక్రాలు చిమ్మే బురదనీళ్లన్నీ తెచ్చి అద్దానికే పూస్తాయి. వానలో అరగంట నడిపితే వెనక ఏముందో కనపడదు. డీఫాగర్ గీతలు అద్దంలోనే ఉంటాయి, తర్వాత పెట్టించాలంటే అద్దం మార్చాలి.

మీ నాన్నగారి మాటకి వద్దాం. ఆయన అన్నదాంట్లో సగం నిజం. సీటు కవర్లు, కాలి మ్యాట్లు, ఫోన్ స్టాండు, డిక్కీ ట్రే, ఇవన్నీ బయట చవగ్గా, కొన్నిసార్లు కంపెనీవాటికంటే బాగా దొరుకుతాయి. ఇవి కావాలని వేరియంట్ మారడం తెలివితక్కువ. కానీ వైరు కోయాల్సిన పని వచ్చేసరికి కథ వేరు.

ఒక బండి సంగతి చెప్తాను. కొత్త బేస్ మోడల్, కొన్న నెలకే బయట షాపులో పెద్ద స్క్రీన్, కెమెరా, రిమోట్ లాక్ వేయించారు. ఆ షాపు పేరు అనవసరం, అన్ని షాపులూ అలాగే ఉండవు. రెండో నెలలో బండి మా దగ్గరికి లాక్కొచ్చారు. నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి స్టార్ట్ కావడం లేదట. బ్యాటరీ పోయిందని కొత్తది వేశారు, మళ్లీ అంతే. నేను బ్యాటరీ నెగటివ్ తీసి మధ్యలో మీటరు పెట్టి, తలుపులన్నీ లాక్ చేసి, బండిలోని యూనిట్లన్నీ నిద్రపోయేదాకా అరగంట ఆగాను. మంచి బండైతే అప్పుడు 0.05 ఆంపియర్ లోపే లాగాలి. ఇది 0.4 లాగుతోంది. రోజుకి దాదాపు 10 ఆంపియర్ అవర్లు. ఆ బ్యాటరీ మొత్తం నిల్వే 45. నాలుగు రోజులకి ఇంకేం మిగులుతుంది? డ్యాష్‌బోర్డు విప్పితే, తాళం తీసినా కరెంటు పోని వైరుకి స్క్రీన్ కలిపి ఉంది. జాయింటు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టారు, వేడికి టేపు జిగురు కారి వైరంతా జిడ్డు. సోల్డరింగ్ లేదు, ఫ్యూజు లేదు. ఆ ఫ్యూజు లేకపోవడమే నన్ను భయపెట్టింది, బ్యాటరీ దిగిపోవడం కాదు. పైగా వైరింగ్ కోశారు కాబట్టి ఆ భాగం వారంటీకి వర్తించదని కంపెనీ తేల్చి చెప్పేసింది. చూడ్డానికి మాత్రం బండి టాప్ మోడల్‌లాగే ఉంది. పైన పటారం, లోన లొటారం.

బయట వేయించాలంటే వైరు కోయకుండా, కంపెనీ సాకెట్‌లోనే గుచ్చుకునే కప్లర్‌తో వేస్తారా అని అడగండి. కుదరదంటే లేచి వచ్చేయండి. స్క్రీన్, స్పీకర్లు ఇలా కప్లర్‌తో చాలా కార్లకి దొరుకుతాయి. అదే కారు పై వేరియంట్‌లో వచ్చే సామాను కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే యాక్సెసరీగా అమ్ముతారేమో కూడా కనుక్కోండి. ధర ఎక్కువే అయినా వారంటీతో గొడవ ఉండదు. కొన్ని కంపెనీలు అన్ని వేరియంట్లకీ ఒకే వైరింగ్ వేసి, బేస్‌లో సాకెట్ ఖాళీగా వదిలేస్తాయి. అలాంటప్పుడు వెనక స్పీకర్ల పని పావుగంట. కొన్ని కంపెనీలు ఆ వైరు కూడా వేయకుండా డబ్బు మిగుల్చుకుంటాయి.

లైట్ల విషయంలో మాత్రం బయట సలహా వినకండి. బేస్‌లో హాలోజెన్ బల్బు వస్తుంది, సాధారణంగా 55 వాట్లది. వెలుగు చాలట్లేదని 100 వాట్ల బల్బు పెట్టిస్తారు. 12 వోల్టుల మీద 55 వాట్లంటే నాలుగున్నర ఆంపియర్ల పైచిలుకు, 100 వాట్లంటే ఎనిమిది దాటుతుంది. కరెంటు రెట్టింపు కాలేదు కదా అనుకుంటాం, కానీ వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే మూడు రెట్ల పైమాటే. హోల్డరు కరిగి బల్బుకి అతుక్కుపోయిన హెడ్‌లైట్లు నేను విప్పినవి ఎన్నో లెక్కలేదు. ఎల్‌ఈడీ బల్బు పెడితే వేడి బాధ తగ్గుతుంది, ఇంకో బాధ మొదలవుతుంది. వెనక ఉండే అద్దపు గిన్నె వంపు, హాలోజెన్ తీగ ఎక్కడుంటుందో ఆ చోటుకి లెక్కేసి చేసినది. ఎల్‌ఈడీలో వెలుగు పుట్టే చోటు అచ్చంగా అక్కడే ఉండదు. దాంతో దారి మీద పడాల్సిన వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మీకు దగ్గర్లో రోడ్డు తెల్లగా కనిపించి బాగుందనిపిస్తుంది, దూరం మాత్రం కనపడదు. రాత్రి హైవే మీద తరచూ వెళ్తారు కాబట్టి, పై వేరియంట్‌లో కంపెనీ ఇచ్చే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు ఉంటే వాటికి డబ్బు పెట్టడం నాకు సమ్మతమే. ఒకటి గుర్తుంచుకోండి, హాలోజెన్‌లో బల్బు పోతే బల్బే మారుస్తాం, ఎల్‌ఈడీ పోతే చాలా కార్లలో లైటు మొత్తం మార్చాలి. వారంటీ ఎన్నేళ్లో చూసుకోండి.

ఇప్పుడు టాప్ సంగతి. టాప్ కొనేవాళ్లలో ఎక్కువమందిని పడేసేది మూడు: అలాయ్ చక్రాలు, సన్‌రూఫ్, స్క్రీన్.

చక్రాలు. ఉదాహరణకి ఒక కారు బేస్‌లో 185/65 ఆర్15 టైరు, టాప్‌లో 195/55 ఆర్16 వస్తుందనుకుందాం. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో. చివరిది రిమ్ము ఎన్ని అంగుళాలో. లెక్కేస్తే మొదటిదాని పక్కగోడ 120 మిల్లీమీటర్లు, రెండోదానిది 107. బయటి చుట్టు మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే, 62 సెంటీమీటర్ల వ్యాసం. అంటే చక్రం పెద్దదైనట్టు కనిపిస్తుంది కానీ పెద్దదయ్యేది ఇనుమో అల్యూమినియమో, తగ్గేది గాలితో నిండిన రబ్బరు. గుంతలో పడ్డప్పుడు రిమ్ముని కాపాడేది ఆ రబ్బరే. 13 మిల్లీమీటర్లు తక్కువగా కనిపించొచ్చు, కానీ గుంత అంచు లోపలి గోడని చీల్చి టైరుకి బుడ్డ లేచిన బండ్లు పెద్ద చక్రాలవాళ్ల దగ్గరే ఎక్కువ చూశాను. టైరు మార్చాల్సి వచ్చినప్పుడు పెద్ద సైజు, పలుచటి గోడ ఉన్నదానికి ధర కూడా ఎక్కువే. మలుపుల్లో బండి కాస్త బిగువుగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. రోడ్లు బాగుంటే, వేగంగా నడపడం ఇష్టమైతే మీ ఇష్టం. ఇనుప రిమ్ము వంగితే సాపు చేయిస్తాం, అలాయ్ పగిలితే మార్చడమే మంచిది. అన్నట్టు, టాప్‌లో నాలుగు అలాయ్‌లు ఇచ్చి స్టెప్నీ మాత్రం సన్నటి తాత్కాలిక చక్రం ఇచ్చే కంపెనీలున్నాయి. దాని మీద గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దని స్టిక్కరు కూడా ఉంటుంది. కొన్నింట్లో చక్రమే ఉండదు, పంక్చరు డబ్బా ఉంటుంది. బేస్‌లో డిక్కీ ఎత్తితే అయిదు చక్రాలూ ఒకటే ఉంటాయేమో చూడండి. అలాంటి చోట బేస్‌వాడే నయం.

సన్‌రూఫ్ గురించి మీ ఆవిడతో నన్ను తిట్టించకండి, ఉన్నది చెప్తాను. దాని నాలుగు మూలల్లో నీళ్లు పోయే సన్న గొట్టాలుంటాయి, స్తంభాల గుండా కిందకి దిగుతాయి. సన్‌రూఫ్ పూర్తిగా నీళ్లు ఆపదు. కొన్ని నీళ్లు లోపలికి వచ్చి ఆ గొట్టాల్లోంచి బయటికి పోయేలాగే చేస్తారు. చెట్టు కింద బండి పెట్టేవాళ్లకి రెండు మూడేళ్లలో ఆకుల చెత్త, దుమ్ము కలిసి ఆ గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు నీళ్లు పైకప్పు గుడ్డలోకో, ఒక్కోసారి కాళ్ల దగ్గర కార్పెట్ కిందకో దిగుతాయి. పాత కారు చూడ్డానికి వెళ్తే, సన్‌రూఫ్ ఉందనగానే నేను ముందు చేసే పని కార్పెట్ మూల ఎత్తి ముక్కు పెట్టి చూడటం. ముక్కిన వాసన వస్తే అక్కడికే ఆపేస్తాను, ఎందుకంటే ఆ కార్పెట్ కింద వైరింగ్ కనెక్టర్లు ఉంటాయి. ఏటా ఒకసారి గొట్టాలు శుభ్రం చేయిస్తే ఈ బాధ ఉండదు, కానీ సర్వీస్‌లో అడిగి చేయించుకునేవాళ్లు తక్కువ. ఇంకొకటి, సన్‌రూఫ్ చట్రం వల్ల లోపల తలకి పైన ఖాళీ కొన్ని సెంటీమీటర్లు తగ్గుతుంది. మీరు పొడుగైతే టాప్‌లో కూర్చుని చూసుకోండి. పిల్లలు అందులోంచి తల బయటపెట్టి నిలబడతారని కొంటుంటే మాత్రం అస్సలు వద్దు. గట్టిగా బ్రేకు వేస్తే ఏమవుతుందో నేను రాయనక్కర్లేదు.

స్క్రీన్ త్వరగా ముసలిదవుతుంది. ఏడేళ్ల కిందటి టాప్ మోడల్ స్క్రీన్ ఇప్పుడు నొక్కితే ఆలోచించి ఆలోచించి స్పందిస్తుంది. ఫోన్ కలిస్తే చాలు, ఎనిమిదైనా పన్నెండైనా ఒకటే. ఏసీకి మాత్రం గుండీలు ఉన్నది చూసుకోండి, నడుపుతూ తెర మీద వెతకడం చిరాకు. లెదరెట్ సీట్లు, రంగు దీపాలు, కీ లేకుండా స్టార్ట్ బటన్, ఇవన్నీ ఇష్టాలు. వాటి మీద నాకు అభిప్రాయం లేదు.

టాప్‌లో నేను గౌరవించేది ఒకటుంది. ముందున్న బండిని గమనించి తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి చేశారు. మీ కారుకి అది టాప్‌లోనే వస్తుంటే, అంత డబ్బు పెట్టడానికి నాకు కనిపించే ఒకే ఒక్క మంచి కారణం అదే. ఏబీఎస్, ఈఎస్‌సీల దారిలో ఇది కూడా కిందకి దిగుతుంది. మీరు మాత్రం ఈ ఏడే కొంటున్నారు, అది దిగేదాకా ఆగలేరు. దాని కెమెరా ముందు అద్దానికి ఉంటుంది. ఎప్పుడైనా అద్దం పగిలి మారిస్తే కెమెరాని మళ్లీ సరిచేయించాలి, ఆ ఖర్చు మామూలు అద్దం కంటే బాగా ఎక్కువ. ఇన్సూరెన్స్‌లో అద్దానికి ఏం వస్తుందో అడిగి పెట్టుకోండి.

ఇక డబ్బు. "ఇంకొంచెం పెడితే" అన్న మాటని కాగితం మీద పెట్టి చూడండి. బేస్ ధర 100 అనుకోండి, మిడ్ 115, టాప్ 140. మిడ్ మీద టాప్‌కి ఇంకో 25 అప్పు. పది శాతం వడ్డీకి అయిదేళ్ల వాయిదాలంటే ఆ 25కి మీరు కట్టేది దాదాపు 32. కారు విలువని బట్టి ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా పెరుగుతుంది. సేల్స్‌మన్ దీన్ని నెలకి ఇంత అని చీల్చి చెప్తాడు, చీల్చితే ఏదైనా చిన్నదే. పైగా మెట్లెక్కినట్టు చెప్తాడు. బేస్ నుంచి రెండోదానికి కొంచెమే, రెండు నుంచి మూడుకి కొంచెమే. ప్రతి మెట్టూ చిన్నదే, పైకెక్కి చూస్తే దిగువ కనపడదు.

అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగొస్తుందా? కొంత. నా అనుభవంలో పాత కారు కొనేవాడు ముందు ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు, బాడీ దెబ్బ తిన్నదా అని చూస్తాడు. వేరియంట్ ఆ తర్వాత. కొత్తప్పుడు బేస్‌కీ టాప్‌కీ 40 తేడా ఉంటే, ఎనిమిదేళ్లకి అందులో చిన్న భాగమే మిగులుతుంది. అయితే మరీ బోసి బేస్‌ని అమ్మడం కూడా తలనొప్పే. వెనక కిటికీలు చేత్తో తిప్పాలి, రిమోట్ లాక్ లేదంటే కుటుంబాలవాళ్లు చూడ్డానికే రారు.

బేస్ ఎవరికి? రోజూ దగ్గరి దూరాలకి తిరిగేవాళ్లకి, రెండు మూడేళ్లలో మార్చేద్దామనుకునేవాళ్లకి, ఇంట్లో రెండో బండిగా కొనేవాళ్లకి. బేస్‌లోనే ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ ఇచ్చే కారైతే ఎవరికైనా. నా సొంత బండి అలాంటి బేసే. దాంట్లో సెన్సర్లు తక్కువ, పాడయ్యేవీ తక్కువ. వెనక డ్రమ్ బ్రేకులు చూసి ఇంటికొచ్చినవాళ్లు మొహం చిట్లిస్తారు. తేలిక బండికి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే, వెనక డ్రమ్ములు సరిపోతాయి. పేజీలో టిక్కు లేదని ప్రతిదానికీ బెంగపడక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది, అది తేలాకే పైదంతా లెక్కలోకి వస్తుంది. కొన్ని కార్లలో వేరియంట్ మారితే ఇంజిన్ గాని గేర్‌బాక్స్ గాని మారిపోతుంది. బేస్‌లో చిన్న ఇంజిన్, ఆటోమేటిక్ కావాలంటే పైదే. నలుగురూ సామానూ ఎక్కి ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తేడా సీటు కవర్ల తేడా లాంటిది కాదు. మీరు టెస్ట్ డ్రైవ్ చేసింది ఏదో గుర్తు తెచ్చుకోండి. షోరూమ్ వాళ్లు టెస్ట్‌కి ఇచ్చేది దాదాపు ఎప్పుడూ టాపే. ఆ ఇంజిన్, ఆ టైర్లు, ఆ సీటు మీ మనసులో ఉండిపోతాయి, కొనేది ఇంకొకటి. మీరు కొనే వేరియంట్‌నే నడిపించమని అడగండి. లేదంటారు. డెలివరీకి సిద్ధంగా ఉన్నదాంట్లో కనీసం కూర్చోనివ్వమనండి. రాత్రిపూట లైట్లు వేసి చూపించమనండి.

సేల్స్‌మన్ "మిడ్‌కి మూడు నెలలు ఆగాలి, టాప్ రేపే ఇస్తా" అంటే కంగారు పడకండి. స్టాకు వాళ్ల సమస్య. బుకింగ్ కాగితం మీద "మిడ్" అని రాస్తే ఒప్పుకోకండి. వేరియంట్ పూర్తి పేరు, తయారైన సంవత్సరం, ఎయిర్‌బ్యాగుల సంఖ్య, టైరు సైజు రాయించండి. నెలలు గడిచేలోపు కంపెనీ అదే పేరుతో లోపలి సామాను మార్చేస్తుంటుంది. నేను చూసిన ఒకాయనకి బుక్ చేసినప్పుడున్న వెనక వైపర్ డెలివరీ నాటికి మాయమైంది, పేరు మాత్రం అదే. కాగితం మీద లేదు కాబట్టి ఏం చేయలేకపోయాడు.

మీరు బ్రోచర్ చివరి పేజీ ఫోటో తీసి, మూడు వేరియంట్లకీ ధర తేడా ఎంత శాతమో రాయండి. ఎర్ర చుక్కలు నేనే పెట్టి చెప్తాను. ఆలోపు ఈ ఆదివారం పిల్లల సీట్లు రెండూ తీసుకుని షోరూమ్‌కి వెళ్లి వెనక బిగించి చూడండి. అవి రెండూ పట్టాక ముందు సీట్లో మీ మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగులుతుంటే, వేరియంట్ కాదు, కారే మార్చాలి.